కోటయ్య ఒట్టు పెట్టిన గొంతు

నరసరావుపేట సంతలో 'యల్లమందా' అని పిలిస్తే నలుగురైదుగురు వెనక్కి తిరుగుతారు. కోటప్పకొండ చుట్టుపక్కల పుట్టినవాళ్ళలో ఆ పేరుకు కరువు లేదు. 'మిక్సీల యల్లమంద' అంటే మాత్రం నేనొక్కడినే. మోపెడ్ వెనక ఒక చెక్కపెట్టె, అందులో స్క్రూడ్రైవర్లు, గాస్కెట్లు, బర్నర్లు, ముందు హ్యాండిల్‌కి కట్టిన మైకు. బరంపేటలో బయల్దేరి ఒకరోజు రొంపిచర్ల వైపు, ఒకరోజు నాదెండ్ల వైపు తిరుగుతూ మిక్సీలు, కుక్కర్లు, గ్యాస్ స్టవ్‌లు బాగుచేసేవాణ్ణి. చేసిన పనికంటే చెప్పిన అభిప్రాయాలే ఎక్కువని నా భార్య గురవమ్మ అంటుంది. ఆమె లెక్క సాధారణంగా తప్పదు.

అభిప్రాయాలంటే మామూలువి కావు. కొన్న వస్తువు కొన్నవాడిది, దాన్ని విప్పి చూసుకునే హక్కూ వాడిదే అన్నది మొదటిది. ఈ కంపెనీవాళ్ళు ఎవరి దగ్గరా లేని మూడు మూలల స్క్రూలు బిగిస్తారు, ఫోన్లో బ్యాటరీని బంకతో అతికించేస్తారు, మళ్ళీ ఎవడూ తెరవకూడదని. మిక్సీ జారు చేత్తో పట్టుకుని ఈ విషయం మీద నేను మాట్లాడుతుంటే, లోపల పచ్చడికి పచ్చిమిరపకాయలు వేయించి పెట్టుకున్న ఇల్లాలు గుమ్మంలో నిలబడి వినేది. ఆమె వినేది నా మాట కాదనీ, జారు ఎప్పుడిస్తానా అని చూస్తోందనీ నాకు చానాకాలం తెలియలేదు.

పాటల గురించి నాది ఇంకా గట్టి అభిప్రాయం. గాలిలోకి పోయినదానికి యజమాని ఉండడనేవాణ్ణి. ఆ ధైర్యంతోనే అడిగినవాళ్ళందరికీ మెమరీ కార్డుల్లో సినిమా పాటలు ఎక్కించి పెట్టాను. పైసా తీసుకోలేదు. అందుకని అది దొంగతనం కింద రాదనీ, అన్నదానం లాంటిదనీ నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

రోజంతా వీధుల్లో అరిచి నా గొంతు పోతోందని మా అమ్మాయి నీరజ పుట్టింటికి వచ్చినప్పుడు తన ఫోన్లో నా కేక రికార్డు చేసింది. ముందుగదిలో నిలబడి గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "మిక్సీలు బాగుచేస్తాం, గ్రైండర్లు బాగుచేస్తాం, కుక్కర్లకు గాస్కెట్లు వేస్తాం, గ్యాస్ స్టవ్‌లకు మంట సరిచేస్తాం. అమ్మా, అక్కా, మీ ఇంటి ముందుకే వచ్చాం." సరిగ్గా ఆఖరికి వచ్చేసరికి వంటింట్లో కుక్కర్ కూత మొదలుపెట్టింది. నోటికి అలవాటైన మాట వచ్చేసింది. "ఏమే గురవా, ఆ కుక్కర్ దించవే, చెవులు పోతన్నయ్."

అది కూడా రికార్డులో పడింది. నీరజ నవ్వి నవ్వి, అలాగే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, మర్నాడు చిలకలూరిపేటలో అత్తగారింటికి వెళ్ళిపోయింది. ప్రపంచంలో ఏ యంత్రమైనా విప్పుతానని చెప్పుకునే నాకు, రికార్డు తోక కోయడం చేతకాలేదు. చేతకాలేదని చెప్పడం అంతకంటే చేతకాలేదు. ఆ తోకతోనే ఊళ్ళు తిరిగాను.

మా వీధిలో ఆడవాళ్ళకి ఇక వేరే వినోదం అక్కర్లేకపోయింది. "గురవక్కా, కుక్కర్ దించావా?" అని కుళాయి దగ్గర అడిగేవారు. గురవమ్మ ఇంటికొచ్చి నా మీద పడేది. "నా పేరు ఊరూరా చాటింపు ఏయిస్తన్నావు. ఆ ముక్క తీసెయ్యి. తీసేదాకా నాతో మాట్టాడమాక" అనేది. తర్వాత ఆమే మాట్లాడేది, ఎక్కువగా ఆ ముక్క గురించే.

గురజాలలో చుట్టాల పెళ్ళికి వెళ్ళినప్పుడు అసలు గొడవ వచ్చింది. షామియానా కింద బంతిలో కూర్చుని పప్పు కలుపుకుంటున్నాం. వీధిలోంచి నా గొంతు వినపడింది. మిక్సీలు, గ్రైండర్లు, గాస్కెట్లు, అన్నీ వచ్చాయి. ఆ తర్వాత, అందరూ వినేటట్టు, "ఏమే గురవా." బంతిలో వాళ్ళందరూ గురవమ్మ వైపు చూశారు. ఆమె తల విస్తరిలోకి వంచేసింది. నేను ఎంగిలిచేత్తో వీధిలోకి పరిగెత్తాను.

బండి మీద ఉన్నది జానీ. నా దగ్గరే పని నేర్చుకుని, పెళ్ళయ్యాక గురజాలలో సొంత బండి పెట్టుకున్న మనిషి.

"ఏందిరా ఇది?" అన్నాను.

"నీ గొంతే అన్నా. నా గొంతుకి జనం బయటికి రావట్లా. నీది పెడితే వస్తన్నారు. ఆమధ్య నీ బండి కాడ కూర్చున్నప్పుడు ఎక్కించుకున్నా."

"అడిగి తీసుకోవాలని తెలవదంట్రా? అది నాది."

జానీ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "గాల్లోకి పోయినదానికి యజమాని ఎవడని నువ్వేగా అన్నావు, నా కార్డులో పాటలెక్కించేటప్పుడు."

"అయి సినిమావోళ్ళయ్యి. ఇది నాది" అన్నాను.

ఎంత ఆలోచించినా ఆ రోజు నాకు ఇంతకుమించిన వాదన దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. అందుకని వాదన మానేసి ఒట్టులోకి దిగాను. "తీసేస్తానని కోటప్పకొండ కోటయ్య మీద ఒట్టెయ్యి."

"నేను సాయిబుని గదన్నా."

"తిరనాళ్ళకి నాకంటే ముందు కొండకి పోయి ప్రభల కాడ నిలబడేది ఎవురురా?"

జానీ కొండ ఉన్న దిక్కుకు తిరిగి ఒట్టు వేశాడు. నా ఎదుటే ఫోన్లోనూ పెన్‌డ్రైవ్‌లోనూ తీసేశాడు. "అన్నా, ఇంకోమాట, మా బావమరిది" అని ఏదో చెప్పబోతే, "నాకేం చెప్పమాక" అని చెయ్యి విసిరి వచ్చేశాను. విస్తరి దగ్గరికి వచ్చేసరికి పెరుగు అయిపోయింది.

ఇంటికొచ్చాక నీరజని పిలిపించి కొత్త రికార్డు చేయించాను. కుక్కర్‌ని పొయ్యి మీద ఎక్కించనివ్వలేదు. గురవమ్మని పక్కింటికి పంపించాను. ఈసారి ఆఖర్న తోక లేదు, దాని బదులు కాపలా ఉంది. "ఈ కేక కాపీ కొట్టినవాళ్ళకి కోటయ్య మీద ఒట్టు." అది పెన్‌డ్రైవ్‌లో ఎక్కగానే నీరజ ఫోన్లోంచి పాతదీ కొత్తదీ రెండూ దగ్గరుండి తీయించాను. "ఉంటే ఏమైంది నాన్నా, బాగుంది గదా" అంది. "నీకు తెలవదమ్మా, ఇది హక్కుల సంగతి" అన్నాను. ఆ మాట పలికినప్పుడు నాకు నేనే లాయరులాగా కనపడ్డాను.

ఒట్టు బ్రహ్మాండంగా పనిచేసింది. మా పల్నాడులో కోర్టు నోటీసుతో గోడమీద బల్లిని కొట్టేవాడు కూడా కోటయ్య ఒట్టంటే చెప్పులు విప్పి నిలబడతాడు. ఆ కేకని ఒక్కరు కూడా కాపీ కొట్టలేదు. బేరాలు కూడా తగ్గాయి. నాదెండ్లలో ఒక ముసలావిడ మిక్సీని గుమ్మం దాకా తెచ్చి, "ఇది నీ చేతికిస్తే నాకేమన్నా ఒట్టు తగులుద్దా నాయనా?" అని అడిగి, సమాధానం వినకుండానే లోపలికి తీసుకుపోయింది.

అక్కడితో ఆగితే నేను యల్లమందని ఎందుకవుతాను? ఒట్టుకి భయపడనివాడు ఎవడైనా పెన్‌డ్రైవే లాక్కుపోతే? అందుకని దాన్ని మైకు డబ్బాలో గుచ్చి, చుట్టూ గట్టి బంక పోసి అతికించేశాను. ఎవడూ ఊడదీయలేకుండా. బంక ఆరేదాకా పక్కనే కూర్చుని ఊదాను కూడా. బంకతో అతికించే కంపెనీల మీద నేను చేసిన ఉపన్యాసాలు ఒక్కటి కూడా ఆ సమయంలో గుర్తు రాలేదు.

ఆ ఏడాది చలికాలంలో గొంతు బొంగురుపోయింది. ముందు దుమ్మనుకున్నాను, తర్వాత మిరపఘాటు అనుకున్నాను. గుంటూరులో డాక్టరుగారు చూసి, బీడీలు ఎన్నాళ్ళుగా తాగుతున్నావని అడిగారు. ఆ ప్రశ్న అడిగిన తీరులోనే సంగతి అర్థమైంది. స్వరపేటిక తీసేస్తే మనిషి మిగులుతాడు, మాట మిగలదు అన్నారు. గురవమ్మ బల్ల అంచు పట్టుకుంది. నా నోరు ఊరుకోదు గదా. "పర్లేదండి, నా గొంతు పెన్‌డ్రైవ్‌లో ఉంది" అన్నాను, ఆ బొంగురు గొంతుతో. నేను చెప్పుకున్న ఆఖరి గొప్పల్లో అదొకటి.

ఎన్నో స్టవ్‌లకి చిల్లులు పూడ్చినవాడికి మెడకి చిల్లు పెట్టి పంపించారు. ఇంటికొచ్చేసరికి, మేం ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ వాకిట్లో వదిలేసిన బండి వానకి తడిసి ఉంది. మైకు డబ్బాలోంచి నీళ్ళు కారాయి. ఎంత తుడిచినా, ఎండబెట్టినా పలకలేదు. పెన్‌డ్రైవ్ బయటికి తీస్తేనన్నా బతుకుతుందని బంకని గీకాను, వేడిచేశాను, మెల్లిగా లాగాను. అది నా చేతిలోనే రెండు ముక్కలైంది. దాన్ని అతికించినవాడెవడో గానీ పని మాత్రం గట్టిగా చేశాడు.

నీరజ ఇల్లంతా వెతికింది. నా గొంతు ఇంకెక్కడా లేదు. నీరజ పెళ్ళి వీడియోలో మాటలన్నీ తీసేసి స్టూడియోవాళ్ళు సినిమా పాటలు నింపారు. అలా నింపమని అడిగింది నేనే. ఫోన్లో వాయిస్ మెసేజీలు పెడితే ఎవడైనా దొంగిలిస్తాడని ఎప్పుడూ పెట్టలేదు. లోకంలో ఇంత భద్రంగా దాచుకున్న గొంతు ఇంకొకటి ఉండదు. నాకే దొరకనంత భద్రం.

నీరజ నా ఫోన్లో ఒక యాప్ వేసింది. మనం రాస్తే అది చదువుతుంది. చదివేది ఎవరో పట్నం ఆడమనిషి, వార్తలు చదివినట్టు చదువుతుంది. నేను 'ఏందే, మజ్జిగ లేదా?' అని కొడితే అది దిద్ది, 'ఏమిటి, మజ్జిగ లేదా?' అని మర్యాదగా అడుగుతుంది. నాలుగు మాటలకొకసారి ఆపి, డబ్బు కడితే ప్రకటనలు రావని చెబుతుంది. నా ఇంట్లో నా భార్యని మజ్జిగ అడగడానికి మధ్యలో సబ్బు ప్రకటన. గురవమ్మ మొదట్లో నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది.

ఒకరోజు అన్నం పెడుతూ అంది. "నీ గొంతు ఎట్టుండేదో మర్చిపోతన్నానయ్యా. గుర్తుచేసుకుందామంటే ఈ ఫోనుదాని గొంతే వస్తంది." అని చెంగుతో మొహం తుడుచుకుంది. ముద్ద పళ్ళెంలోనే పెట్టేశాను. గొంతు పోయినప్పుడు నాకోసం నేను ఏడ్చుకున్నాను. అందులో ఆమెది కూడా ఏదో పోయిందని నాకు తట్టనే లేదు.

మర్నాడు గురజాల బస్సెక్కాను.

జానీ నన్ను చూసి, మెడకి కట్టుకున్న గుడ్డని చూసి, కుర్చీ వేసి, చల్లటి నీళ్ళు తెచ్చాడు. నేను రాసి ఫోన్ అతని వైపు తిప్పాను. "జానీ, నా పాత కేక నీ దగ్గర ఉన్నదా?" అని పట్నం ఆడమనిషి అడిగింది.

జానీ కళ్ళు తుడుచుకున్నాడు. "ఒట్టు పెట్టించావు గదన్నా. ఆరోజే తీసేశా. మళ్ళీ ముట్టుకోలా."

జీవితంలో నా మాట తు.చ. తప్పకుండా విన్న మనిషి ఒకే ఒక్కడు దొరికాడు, ఆ ఒక్క మాటకే దొరికాడు. లేవబోయాను. జానీ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "ఆరోజే చెప్పబోయా, నువ్వు ఇనలా. అప్పటికే మిర్యాలగూడెంలో మా బావమరిదికి పంపించా. ఆయన్ది కూడా ఇదే పని."

అని ఫోన్ కలిపి, నాకు కూడా వినపడేటట్టు పెట్టి తెలుగులోనే మాట్లాడాడు. కృష్ణానది అవతలినుంచి బావమరిది సమాధానం వచ్చింది. "ఎందుకు తీసేస్త బావా? గది లేకుంటే నా బండే నడ్వది. ఆఖర్ల ఆ కుక్కర్ ముచ్చట ఇనెటందుకే ఆడోళ్ళు నవ్వుకుంట బైటికొస్తరు. ఇప్పుడే పంపిస్త."

కాసేపటికి జానీ ఫోన్ మోగింది. నొక్కాడు. మిక్సీలు బాగుచేస్తాం అంటూ మొదలుపెట్టింది నేనే. వెనకాల మా కుక్కర్ కూత. నాకు ఏడుపు ఆగలేదు. గొంతు లేనివాడి ఏడుపుకి శబ్దం రాదు. గాస్కెట్ పోయిన కుక్కర్‌లో ఆవిరి పోయినట్టు మెడ దగ్గరనుంచి పోతుంది. నేను ఒట్టు పెట్టి కాపలా కాసిన కేక నీళ్ళలో పోయింది. నేను తిట్టి, తీయించి, తరిమేసిన కేక ఏరు దాటి బతికింది.

జానీ నన్ను కళ్ళు తుడుచుకోనిచ్చి, మెల్లిగా అడిగాడు. "అన్నా, మళ్ళీ నా బండికి పెట్టుకోనా?"

నేను రాశాను. పట్నం ఆడమనిషి తన వార్తల గొంతుతో నా హక్కుల పత్రం చదివింది. "పెట్టుకో. అడిగినవారందరికీ ఇవ్వు. చివరి ముక్క మాత్రం కోయవద్దు. కోటయ్య మీద ఒట్టు." వెంటనే సబ్బు ప్రకటన వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి గురవమ్మ వసారాలో కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. ఎక్కడికి పోయావని అడగలేదు. ఆ ఆడమనిషి చేత జవాబు చెప్పించుకోవడం ఆమెకి ఇష్టం లేదు. నేను ఎదురుగా కూర్చుని, ఫోన్ చాపమీద పెట్టి, నొక్కాను.

మొదటి మాటకే ఆమె చేతులు ఆగిపోయాయి. గ్రైండర్లు, గాస్కెట్లు, మంట సరిచేయడం, అన్నీ తల వంచుకుని విన్నది. ఆ తర్వాత, "ఏమే గురవా, ఆ కుక్కర్ దించవే, చెవులు పోతన్నయ్."

"దించుతన్నాలే, అరవమాక" అంది గురవమ్మ.

చేతులు దులుపుకుని లేచి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద ఏమీ లేదు.