ప్రవర్తన పుస్తకంలో పూలకుండీ

సోమవారం ఉదయం తొమ్మిదీ పదికి, ఓర్పు గురించి మాట్లాడుతూ లెక్కల టీచరు వేదిక మీద ఒక అడుగు ఎక్కువ వేశారు. ఆ అడుగు కిందనున్న పూలకుండీలో పడింది. అప్పుడే నీళ్లు పోసిన కుండీ కావడంతో ఎడమకాలు చీలమండ దాకా బురదలో దిగబడి, చెప్పు పట్టీ మొక్క వేరుకి చిక్కుకుంది. ఆవిడ ప్రసంగం ఆపలేదు. ఓర్పున్న మనిషి తొందరపడి అడుగు వెయ్యడు అనే వాక్యం మధ్యలో ఉన్నారు కనుక, దాన్ని పూర్తి చేశారు.

ఎదురుగా నాలుగొందల మంది పిల్లలు. బుగ్గలు బిగబట్టి, ముక్కులు ఎర్రబడి, బూర ఊదేవాళ్లలా నిలబడ్డారు తప్ప ఎవరూ నవ్వలేదు. కారణం ఉంది. ఆ నెలలోనే హెడ్మాస్టరు బడిలో ప్రవర్తన పుస్తకం పెట్టారు. ప్రతి పిల్లకీ పిల్లాడికీ పది పాయింట్లు. పెద్దల్ని చూసి నవ్వితే రెండు పోతాయి, వరస తప్పితే రెండు. మంచిపని చేస్తే ఒకటి వస్తుంది. కాకపోతే దాన్ని ఒక టీచరు కళ్లారా చూసి, ఒక వాక్యం రాసి సంతకం పెట్టాలి. శుక్రవారం సాయంత్రం ఆ వాక్యాలన్నీ అందరి ముందూ చదువుతారు.

నవ్వింది ఒక్కతే. తొమ్మిదో తరగతి పిల్ల, అందరూ పిడుగు అని పిలుస్తారు. పొట్ట పట్టుకుని నవ్వుతూనే వరసలోంచి పరిగెత్తుకొచ్చి, కుండీని రెండు చేతులా వాటేసుకుని లాగింది. కాలొచ్చింది, చెప్పు రాలేదు. మోచేతి దాకా బురదలో పెట్టి చెప్పు తీసి, కుళాయి దగ్గర కడిగి తెచ్చి ఇచ్చింది. అప్పటికీ నవ్వుతూనే ఉంది. నవ్వినందుకు రెండు, వరస తప్పినందుకు రెండు కొట్టేసి హెడ్మాస్టరు ఆరు మిగిల్చారు.

శనివారం పక్క బడితో వాలీబాల్ పోటీ. పిడుగు రెండేళ్లు బంతులు ఏరిచ్చి, ఈ ఏడే జట్టులోకి వచ్చింది. పోటీకి వెళ్లాలంటే ఏడు పాయింట్లుండాలి. అంటే శుక్రవారంలోపు ఒక్క మంచిపని, ఒక్క వాక్యం, ఒక్క సంతకం.

ఆ వాక్యం ఏమిటో లెక్కల టీచరుకి సోమవారం తొమ్మిదీ పదమూడుకే తెలుసు. అది రాస్తే శుక్రవారం తన కాలు మళ్లీ కుండీలో పడుతుంది, ఈసారి మైకులో. అందుకని వేరే మంచిపని కోసం వెతకడం మొదలుపెట్టారు.

ఆవిడ మామూలుగానే కాలు నిలవని మనిషి. ఇరవై రెండేళ్లుగా నడుస్తూనే పాఠం చెబుతున్నారు; సూత్రం బోర్డు ఎడమ చివర మొదలై, సాధన కిటికీ దగ్గర పూర్తవుతుంది. పిల్లలు పెట్టిన పేరు సెకన్ల ముల్లు. మూడు నెలలకో చెప్పుల జత అరుగుతుంది. ఆ వారం మాత్రం జత అరిగిపోవడానికి మూడు రోజులు చాలేటట్టు తిరిగారు. చంకలో ప్రవర్తన పుస్తకం, చేతిలో మూత తీసిన పెన్ను.

పుస్తకం కనబడగానే దారిపొడుగునా మంచితనం ముంచుకొచ్చేది. ఒక తలుపు తెరవడానికి ఆరుగురు. నేల మీది కాగితం ఏరిన కుర్రాడు, ఆవిడ చూడలేదేమోనని మళ్లీ పడేసి మళ్లీ ఏరాడు. తొమ్మిదో తరగతి డస్టరు బుధవారం ఒక్కరోజే పదకొండుసార్లు పోయి పదకొండుసార్లు దొరికింది. పిడుగు మాత్రం ఏ పాపమూ పుణ్యమూ ఎరగనట్టు తిరుగుతోంది.

గురువారం మెట్ల మలుపులో దొరికింది. కాలికి కట్టుతో ఉన్న స్నేహితురాలి బ్యాగు తన భుజాన వేసుకుని ఎక్కుతోంది. టీచరు పెన్ను ఎత్తారు. పిడుగు అది చూసి, బ్యాగు చటుక్కున స్నేహితురాలి చేతిలో పెట్టేసింది. ఆ పిల్ల కుంటుకుంటూ పైకి వెళ్లాక టీచరు నిలదీశారు.

“ఎందుకే దించేశావు?”

“మీ చేతిలో పుస్తకం ఉంది కదా టీచర్. పాయింటు కోసం మోస్తున్నాననుకుంటుంది.”

“అనుకుంటే అనుకోనీ. నీకు కావాల్సింది పాయింటేగా.”

“రేపట్నుంచి బ్యాగివ్వదు టీచర్. దానికి రోషం. మైకులో దాని కాలి సంగతి చదివారంటే బడికే రాదు.”

మైకులో కాలి సంగతి అనేసరికి టీచరు పెన్నుకి మూత పెట్టేశారు.

ఆ సాయంత్రం ఇంట్లో వంటగదికీ వీధి గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉన్నారు. బియ్యం ఏరుతున్న అత్తగారు చేట పక్కన పెట్టింది.

“ఇదిగో అమ్మాయ్, కాసేపు కూర్చో. నువ్వు తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి. ఏంటి సంగతి?”

“ఓ పిల్లకి మంచిపని రాయాలి అత్తయ్యా. దొరకట్లేదు.”

“కుండీలోంచి నీ కాలు తీసిన పిల్ల ఉందిగా?”

టీచరు ఆగారు. “మీకెవరు చెప్పారు?”

“పక్కింటి పిల్లలు. సోమవారమే వచ్చి చేసి కూడా చూపించారు, బకెట్టులో కాలు పెట్టి. రాసెయ్యరాదూ?”

“రాస్తే నాలుగొందల మంది ముందు చదువుతారు అత్తయ్యా.”

“చదవకపోతే వాళ్లకి తెలీదా? ఆ నాలుగొందల మందీ అక్కడే ఉన్నారుగా,” అని అత్తగారు మళ్లీ చేట అందుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం దాకా టీచరు ఇంకో మంచిపని దొరుకుతుందేమోనని ఆశగానే తిరిగారు. మూడింటికి పావుగంట ఉందనగా కిటికీలోంచి చూస్తే, మైదానంలో పిడుగు ఒక్కతే గోడకి బంతి కొట్టుకుంటోంది. పుస్తకం ఇవ్వడానికి వెళుతూ, వరండాలో నిలబడి రాసేశారు.

హెడ్మాస్టరు దేన్నీ ముందుగా చదువుకోరు. ఏ కాగితాన్నయినా సంతాప తీర్మానంలా చదువుతారు. ఆ గొంతుతోనే మైకు ముందు మొదలుపెట్టారు: “సోమవారం ఉదయం పూలకుండీలో ఇరుక్కున్న నా ఎడమకాలిని ఈ విద్యార్థిని బయటికి లాగి, బురదలోంచి చెప్పు తీసి, కడిగి ఇచ్చింది.”

మైదానంలో బుగ్గలన్నీ మళ్లీ బిగుసుకున్నాయి. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో చెప్పడం మర్యాద కాదు గానీ, ఆ నవ్వు టీచర్ల వరసలో, ఎడమకాలు కాస్త వెనక్కి దాచుకుని నిలబడ్డ మనిషి దగ్గర్నుంచి వచ్చింది. ఇక నాలుగొందల మందీ అయిదు రోజులుగా దాచుకున్నదంతా ఒక్కసారి వదిలారు. అన్ని పాయింట్లు కొట్టెయ్యడానికి హెడ్మాస్టరు దగ్గర పెన్నులు చాలవు. వాలీబాల్ జట్టు జాబితాలో ఏడో పేరుగా పిడుగు చేరింది.

సభ ముగియగానే ఆయన లెక్కల టీచరుని గదికి పిలిచారు.

“ఏంటండీ టీచరుగారూ ఇది? ఓర్పు గురించి చెప్పింది మీరు. పెద్దవాళ్లు పడితే నోరు మూసుకుని క్రమశిక్షణగా నిలబడ్డ పిల్లలకి ఒక్క పాయింటు లేదు, పడీపడీ నవ్విన దానికి పాయింటా?”

ఆవిడ ఆ వారంలో మొదటిసారి కదలకుండా నిలబడ్డారు.

“అది నవ్వుతూ లాగింది సార్, మిగతావాళ్లు నవ్వకుండా చూశారు.”