సాగనంపే పాట వెంట: మానుకోట తండా నుంచి భూపాలపల్లి సభకు

మా అల్లుడు యాదగిరి పాటలు పాడతాడు. నేను అతని వెనక మైకు పట్టుకొని తిరుగుతాను. లింగాల ఘనపూర్‌లో మాది మైకుసెట్టు దుకాణం. ఏడో తరగతి దాకా ఊరి బళ్లో చదివాను, మిగిలిన చదువంతా ఆంప్లిఫయర్ ముందర సాగింది. యాదగిరి మా అక్క కొడుకు. జనగామ ఆటోల్లో అతని సీడీలు మోగని రోజు లేదు. ఉద్యమం మొదలయ్యాక అతను లేని సభ కూడా లేదు. రెండు నెలల కింద ఒకరోజు దుకాణానికి వచ్చి, "కీబోర్డు మీద ఎన్నొద్దులు నెట్టుకొస్తం మామా? మనకాడ ఎవ్వలకు తెల్వని పాత వాయిద్యాలు ఉన్నయి. గవ్విటిని స్టేజీ ఎక్కిద్దాం. సినిమాలల్ల మన మాటను విలన్ పక్కన నిలవడేటోనికి ఇచ్చిండ్రు, మన పాటనన్న మనం హీరోకు ఇద్దాం" అన్నాడు. మాట బాగుంది. బాగున్న మాట వెనక తిరగడం నాకు చిన్నప్పటి జబ్బు.

మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. అక్కడికి దగ్గర్లో ఒక తండాలో రూప్లా అనే పెద్దాయన రబాబు వాయిస్తాడని నాకు తెలుసు. ఒకే కొయ్యను తొలిచి చేసిన పొట్ట, దాని మీద మేకతోలు, మూడు పేగు తంతులు. వాళ్ల ఇంట్లో తాతల నాటి నుంచి అదే పని. తండాల్లో ఇళ్లిళ్లూ తిరిగి, ఆ ఇంటి పెద్దల పేర్లు వరుసగా పాడతారు. ఆ వారమే తండాకు వెళ్లి అడిగితే రూప్లా బాపు నాలుగైదు పాటలు వాయించాడు, నేను ఫోనులో ఎక్కించుకున్నాను. అందులో ఒకటి మనిషిని కదలనివ్వలేదు. ఇదేంటని అడిగితే, "గిది సాగనంపేటప్పుడు వాయించేది" అన్నాడు. ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లకు మైకు కడుతున్నవాణ్ని, సాగనంపడం అంటే నాకు పెళ్లికూతురే గుర్తొచ్చింది. యాదగిరికీ అదే చెప్పాను. అతను దాని నడక పెంచి, ఢోలక్ కలిపి, అన్యాయాన్ని సాగనంపుదామని పాట కట్టాడు. పదిహేను రోజుల్లో అది ఆటోల్లోకి, పెళ్లి బరాతుల్లోకి, చివరికి ఫోను రింగుల్లోకి ఎక్కింది. నేనేదో ఘనకార్యం చేశానని మీసం కూడా దువ్వుకున్నాను.

పోయిన ఆదివారం సాయంత్రం నాలుగింటికి భూపాలపల్లిలో సభ. ఈసారి అసలు రబాబునే స్టేజీ మీద కూర్చోబెట్టాలని యాదగిరి పట్టుబట్టాడు. అదే తండాలో కేలీ అవ్వ అని ఒక తల్లి ఉంది. డిగ్రీ చదివే కొడుకు రవీందర్, తెలంగాణ రాదేమోనని ఉత్తరం రాసిపెట్టి నెల కింద ప్రాణం తీసుకున్నాడు. అమరుల కుటుంబాలతో పాటు ఆమెనూ వేదిక మీదికి పిలుస్తాం, వచ్చేటప్పుడు తీసుకురమ్మని సభవాళ్లు నాకే చెప్పారు. యాదగిరి జట్టు మైకులు వేసుకొని నేరుగా వెళ్లింది. ఈ ప్రయాణం నా వంతుకు వచ్చింది.

బస్సులు సమ్మెలో ఉన్నాయి కాబట్టి రైలే దిక్కు. జనగామలో పొద్దున ఆరింటి ప్యాసింజర్ ఎక్కితే తొమ్మిదిలోపు మానుకోటలో దిగొచ్చు, టికెట్ ఇరవై చిల్లర. కాజీపేట దాకా ఒంటికాలి మీద నిలబడ్డాను. రెండో కాలు ఎవరి దగ్గరుందో వరంగల్‌లో గానీ తెలియలేదు. స్టేషన్ బయట గూడూరు వైపు ఆటోలుంటాయి. పంచుకుంటే మనిషికి పదిహేను, ఒక్కరే పోతే నూటయాభై. ఆటో అబ్బాయి మన పాటే పెట్టాడు.

"గీ పాటకు మైకు ఎవ్వలదో ఎరుకేనా తమ్మీ?" అన్నాను, ఉండబట్టలేక.

"మైకు ఎవ్వలదైతేంది అన్నా, దుమ్ము లేస్తంది గదా" అని ఇంకాస్త పెంచాడు.

అదే మోతతో తండాలోకి దిగాం. మొదటింటి ముందు కూర్చున్న ఆడమనిషి లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆటో దుమ్ముకేమో అనుకున్నాను.

రూప్లా బాపు ఇంట్లో రబాబు దూలానికి గుడ్డలో చుట్టి వేలాడుతోంది. జొన్నరొట్టె పెట్టాడు, తిన్నాను. "బాపూ, ఒక్కపారి శ్రుతి చూసుకుందామా?" అన్నాను.

"శ్రుతి బాగనే ఉంటది. వాయించేటోడే బాగలేడు."

"ఏమైంది, పానం బాగలేదా?"

ఆయన జవాబు చెప్పేలోపు కేలీ అవ్వ వచ్చింది. చేతిలో తువ్వాల చుట్టిన కొడుకు ఫోటో. వచ్చీరాగానే నన్ను చూడకుండా ఆయనతోనే మాట్లాడింది. "అక్కడన్న చెప్తవా? వానికి పేరు లేకుంట ఎన్ని దినాలు ఉంచుతవ్?"

సంగతి ఏమిటో రూప్లా బాపు నాకు విడమర్చాడు. మనిషి పోయిన పన్నెండో దినం ఆయన ఆ ఇంటి ముందు కూర్చొని, తాతల పేర్లు ఒక్కొక్కటే చెప్పి, చివర్లో పోయినవాడి పేరు కలుపుతాడు. దానికి ఒకే పాట ఉంది. ఆ పాట ఒక మనిషికి ఒక్కసారే. అప్పటిదాకా వాడు వరుసలో చేరనట్టే. రవీందర్ పన్నెండో దినం ఆయన రబాబు అందుకొని ఆ పాట ఎత్తాడు. వాకిట్లో ఉన్న పిల్లలు విని లేచి చిందులేశారు. వాళ్లకది ఆటో పాట. పెద్దవాళ్లలో కూడా ఎవరో నవ్వారు. ఆయన రబాబు కింద పెట్టి ఇంటికొచ్చాడు. మళ్లీ ముట్టలేదు.

"గా పాటను బజార్ల పెట్టినోని చేతులు ఇరగ" అంది కేలీ అవ్వ.

నా చేతిలో ఇంకా రొట్టె ముక్క ఉంది. "నేనే అవ్వా" అన్నాను. "పెండ్లి పాట అనుకున్న."

ఆమె అప్పుడు చూసింది నన్ను. తిడితే బాగుండేది. రూప్లా బాపే అందుకున్నాడు. "పిల్లను సాగనంపేటప్పుడు ఏడ్సేది ఆడోళ్లు. దానికి రబాబు ఎందుకు? నువ్వు ఎవల సాగనంపుడని అడిగితే చెప్తుంటి. నువ్వు అడగలే, నేను చెప్పలే."

కేలీ అవ్వే తేల్చింది. "నడువుండ్రి. గక్కడ పెద్ద మంది ఉంటరు, సదువుకున్నోళ్లు ఉంటరు. ఫోటో ముందట పెట్టుకొని చెప్తే ఎవ్వలు నవ్వరు. గంత మందిల నా కొడుకు పేరు కలుస్తది."

రూప్లా బాపుకు ఇంకో చిక్కుంది. "మా పేర్లన్నీ రెండు దెబ్బల్ల ఒడిసిపోతయి. చాంద్యా, హీర్యా, భీక్యా. గీ రవీందర్ అన్న పేరు పాటల పట్టదు. ఇంట్ల ఏమని పిలుస్తుంటిరి?"

"బడి పేరే చెప్పు" అంది ఆమె. "గా పేరు రిజిస్టర్ల ఉండాలెననే కూలికి పోయి సదివిచ్చిన."

మానుకోట నుంచి జీపు పిలిపించాను, డీజిలుతో సహా పద్దెనిమిది వందలు. పదిన్నరకు కదిలాం. గూడూరు మీదుగా నర్సంపేటకు మామూలుగా గంటంబావు. ఆరోజు నర్సంపేట ముందర రోడ్డు మీదనే వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు పెట్టి వందల మంది వండుకు తింటూ నిరసన చేస్తున్నారు. ముందుకు వెళ్లేది లేదు, దిగి తినాల్సిందే. స్పీకర్లో మళ్లీ అదే పాట, నలుగురు కుర్రాళ్లు గరిటెలు పట్టుకొని ఎగురుతున్నారు. కేలీ అవ్వ జీపు దిగలేదు. వంట చేస్తున్న ఒక పెద్దాయన విస్తరి పట్టుకొని జీపు దగ్గరికే వచ్చాడు.

"జర తిను అవ్వా. మనది మనం వండుకున్న బువ్వ, పప్పుచారు."

"ఆకలైతలేదు బిడ్డా."

ఆయన ఆమె ఒళ్లోని ఫోటోను, దాని మీది దండను చూశాడు. విస్తరి నా చేతికిచ్చి, వెళ్లి స్పీకరు వైరు పీకాడు. కుర్రాళ్లు "ఏందే కాకా!" అని అరిచారు. "చెవులు నొస్తున్నయిరా, జర ఆగుండ్రి" అన్నాడు. మూసిన రోడ్డును మా ఒక్క జీపుకు తెరిపించింది కూడా ఆయనే.

వరంగల్ చుట్టి పరకాల చేరేసరికి రెండు దాటింది. రేగొండలో టీ తాగాం, రూప్లా బాపు దారంతా వేలితో మోకాలి మీద రవీందర్ పేరును తాళంలో కూర్చే ప్రయత్నంలోనే ఉన్నాడు. మూడున్నరకు భూపాలపల్లి. బొగ్గు గనుల్లో కూడా సమ్మె నడుస్తోంది, బాయి పనివాళ్లంతా కుటుంబాలతో మైదానంలో ఉన్నారు. యాదగిరిని స్టేజీ వెనక్కి పిలిచి జరిగింది చెప్పాను. తల పట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్తవేంది మామా? నేను మనోళ్ల పాతది పది మందికి ఇనిపిస్తున్ననే అనుకున్న."

"ఇనిపిచ్చినవ్ అల్లుడా. అదే పరేషాన్."

ముందు రబాబు, ఆ తర్వాతే మిగతా పాటలు అని ఒప్పుకున్నాం. అతనే మైకులో చెప్పాడు, ఒక తల్లి కొడుకు పేరు చెబుతారు, మౌనంగా వినండి అని. రూప్లా బాపు కూర్చున్నాడు, పక్కన ఫోటోతో కేలీ అవ్వ. రబాబు పొట్ట దగ్గర నేనే చిన్న మైకు పెట్టాను. మొదటి నాలుగు దెబ్బలు పడేదాకా మైదానం నిజంగానే ఊరుకుంది. ఐదో దెబ్బకు వెనక నుంచి ఈల వచ్చింది. పాట గుర్తుపట్టారు. ఆ తర్వాత ఎవరి చేతిలో ఏమీ లేదు. జెండాలు లేచాయి, మనుషులు మనుషుల భుజాల మీదికి ఎక్కారు, వేల మంది చప్పట్లతో పాట నడక పెంచుతున్నారు. వాళ్లది తప్పనలేను. ఆ నడక నేర్పింది మేమే. రూప్లా బాపు చెయ్యి ఆగింది. కేలీ అవ్వ జనాన్ని కాదు, ఆ చేతినే చూస్తోంది.

నేను ఆంప్లిఫయర్ మీట నొక్కేశాను.

"కరెంట్ పోయింది!" అని మైదానం అంతా గొల్లుమంది. కరెంటు పుట్టే ఊళ్లో కరెంటు పోయిందని సర్కారును తిట్టారు, ఒకరిద్దరు నీళ్ల ప్యాకెట్లు విసిరారు, తర్వాత విసిగి కూర్చున్నారు. యాదగిరి నా వైపు చూశాడు, సంగతి తెలిసి, బాపుకు కానివ్వమని సైగ చేశాడు. ఆ గోలలో రూప్లా బాపు మళ్లీ మొదలుపెట్టాడు. కేలీ అవ్వ వంగి చెవి దాదాపు తోలుకు ఆనించింది. చాంద్యా కొడుకు హీర్యా, హీర్యా కొడుకు భీక్యా, భీక్యా కొడుకు, అక్కడ ఆయన ఒక దెబ్బ ఎక్కువ వేసి, పేరును రెండు ముక్కలు చేసి, రవీందర్‌ను కలిపాడు. విన్నది నలుగురం. వేల మంది వినాలని తెచ్చిన రబాబును నలుగురం విన్నాం.

మీట వేశాక జనం ఆ పాటే కావాలన్నారు. యాదగిరి కేలీ అవ్వ ముందు కూర్చొని, "వద్దంటే పాడను అవ్వా" అన్నాడు.

"పాడుకో బిడ్డా" అంది ఆమె. "మావోనిది అయిపోయింది."

అతను పాడాడు. ఆమె సన్మానం శాలువాతో వేదిక మీదనే కూర్చుంది, ముందు వేల మంది ఎగురుతున్నారు. నా మైకుసెట్టు ఆరోజు చాలా బాగా పలికిందని అందరూ మెచ్చుకున్నారు.

తిరుగు ప్రయాణంలో రూప్లా బాపు ఒకటే అడిగాడు. "గీయనది అయింది. రేపు ఇంకొకలు పోతే ఏం వాయించాలె?" ఆ పాటను వెనక్కి తీసుకునే మీట ఏ ఆంప్లిఫయర్‌కూ ఉండదు. యాదగిరి ఇప్పుడు ఆ పాట పాడటం మానేశాడు, కానీ పాట మానలేదు. నిన్న మా దుకాణం ముందు ఆగిన సైకిలాయన ఫోనులో కూడా అదే మోగింది. పాతదాన్ని పది మందికి చేర్చడం మంచి పనే. అది ఎవరి కోసం దాచుకున్నదో ముందు అడగాలి. నేను ఏమిటని అడిగాను, ఎవరికని అడగలేదు.

రబాబు వినాలని మానుకోట వైపు వెళ్లేవారికి ఒక్క సలహా. గూడూరు రోడ్డు దిగి తండాకు మళ్లే చోట ఆటో ఆపించి, పాట ఆపేయమనండి. ఎందుకని అడిగితే, లోపల మనిషి పోయిన ఇల్లు ఉందని చెప్పండి. ఈ రోజుల్లో ఆ మాట ఏ తండా ముందర చెప్పినా అబద్ధం కాదు.