దొరసానికి చెప్పిన మాటలు

మా పెదనాయన ఇన్నయ్య మనుషులతో మాట్లాడడు. మూగవాడేం కాదు. నోరు బ్రహ్మాండంగా ఉంది. కాకపోతే మనుషులకు చెప్పాల్సినవన్నీ మేకకు చెప్తాడు. దాని ఎదురుగా నిలబడి, దాని కళ్లలోకి చూస్తూ, పక్కనున్న మనిషికి వినపడేటట్టు చెప్తాడు. ఆ మనిషి జవాబు కూడా మేకకే చెప్పాలి. నేను చూస్తున్న ఈ మూడేళ్లూ మా ఇంట్లో సంసారం ఇలాగే నడిచింది.

ఆ మేక పేరు దొరసాని. నల్లటి ఒళ్లు, నుదుటి మీద తెల్ల మచ్చ, ఊరంతా తన పేరు మీదే ఉన్నట్టు నడక. నెమరు వేసేటప్పుడు చూస్తే, చెప్పిందంతా విని బాగా ఆలోచిస్తోందనే అనిపిస్తుంది. ఆలోచించి ఏం తేల్చుకున్నదో మాత్రం ఇంతవరకు బయటపెట్టలేదు.

బూర్గంపాడు నుంచి అడవి వైపు వచ్చే దారిలో, తండా దాటాక విడిగా ఉంటుంది మా ఇల్లు. ఎకరం మిరప, రెండు మామిడి చెట్లు, ఒక చింతచెట్టు, నాలుగు కోళ్లు, ఇంటి వెనక తడిక. తడిక అవతల అంతా అడవే. ఎండాకాలం ఇంకా ముదరక ముందు, మోదుగులు ఎర్రగా పూసి, మిరపకాయలు కల్లంలో ఎర్రగా ఆరుతుంటే, పొద్దున పూట మా ఇంట్లో వినపడే మాటలు ఇవీ.

"దొరసానీ, ఈ ఇంట్ల చాయ్ అనేది రోజూ ఉంటదా, పండుగకేనా?"

పొయ్యి దగ్గర పెద్దమ్మ సవరమ్మ తల తిప్పకుండానే, "దొరసానీ, చాయ్‌పత్తి ఒడిసిందని నిన్ననే చెప్పిన. చెవులు నీకేమో గింత పొడుగున్నయి. ఆయనకే లేవు" అంటుంది.

"ఉండేటియి. ముప్పై ఏండ్ల సంది ఒకరి నోరు విని అరిగిపోయినయని చెప్పు."

"ఎవరి నోరు పెద్దదో నీకెరుకే కదా దొరసానీ. నువ్వే సాక్ష్యం."

దొరసాని ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చేటలో ఉన్న తోటకూర కట్ట నోట కరుచుకుని వెళ్లిపోయింది.

"సాక్ష్యం లంచం తిన్నది" అన్నాడు పెదనాయన, పక్కన గంపలో గుడ్లు పొదుగుతున్న కోడితో.

దొరసాని మేతకు వెళ్లినప్పుడు ఆయనకు ఆ కోడే దిక్కు. పొడుగు మాటలన్నీ దానికే చెప్తాడు. మిరపకు వచ్చిన తెగులు, పంపు మోటారు పాడైన కథ, నేను వండిన కూరలో ఉప్పు చాలలేదన్న సంగతి. అది పదకొండు గుడ్ల మీద కూర్చుని ఉంటుంది, లేచి పోలేదు పాపం.

ఒకసారి పంటలు రాసుకునే సారు వచ్చాడు. "మిరప ఎంత వేశారు?" అని అడిగాడు. పెదనాయన దొరసాని వైపు తిరిగి, "ఎకరం అని చెప్పు. నల్లతామర పురుగొచ్చి సగం పోయిందని గూడ చెప్పు" అన్నాడు. ఆ సారు మేకను చూశాడు, పెదనాయనను చూశాడు, చేతిలో కాగితం చూసుకున్నాడు. రైతు పేరు దగ్గర 'దొర' దాకా రాసి, ఉలిక్కిపడి కొట్టేశాడు.

ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలంలో చర్చి ఫాదర్ గారు ఇంటికి వచ్చారు. "ఏం ఇన్నయ్యా, ఈసారి పాపసంకీర్తనానికి రాలేదు?"

"దొరసానీ, ఫాదర్‌కు చెప్పు. నా పాపాలన్నీ నీకు ముందే చెప్పిన, రెండుసార్లు ఎందుకని."

ఫాదర్ గారు మేకకే దీవెన ఇచ్చి వెళ్లారు.

ఇక్కడ నేను గమనించిన సంగతి ఒకటుంది. ఇంటికి కొత్త మనిషి ఎవరు వచ్చి ఇలా తికమకపడినా, పెద్దమ్మ వాళ్లను చింతచెట్టు దాకా తీసుకుపోయి చెవిలో ఏదో చెప్తుంది. వాళ్లు ఒకసారి నా వైపు చూస్తారు. తర్వాత వచ్చి బుద్ధిగా మేకతో మాట్లాడతారు. పెదనాయన బుర్ర గురించి చెప్తోందేమో, ఇంట్లో ఆడపిల్ల ఉందని జాలిపడి నన్ను చూస్తున్నారేమో అనుకునేదాన్ని.

నాది ఏన్కూరు దగ్గర పల్లె. అమ్మను దవాఖానాల చుట్టూ తిప్పుతున్నప్పుడు తొమ్మిదో తరగతి మధ్యలో నా బడి ఆగింది. అమ్మ పోయాక నాన్న ఖమ్మం మిర్చి యార్డులో బస్తాలు మోసే పనికి కుదిరి, నన్ను పెదనాయన దగ్గర వదిలాడు. అప్పటికే నాకు మనిషి మొహం చూసి మాట్లాడటం పోయింది. ఎవరైనా "ఏం పేరమ్మా?" అంటే చాలు, అక్సా అనే రెండక్షరాలు గొంతులో అడ్డం పడేవి. కాలి బొటనవేలు చూసుకుంటూ నిలబడిపోయేదాన్ని.

వచ్చిన మొదటి వారంలో పెదనాయన దొరసానితో, "ఈ పిల్లకు ఎండుచేపల పులుసు సయిస్తదో లేదో కనుక్కో" అన్నాడు. దొరసాని కనుక్కోలేదు. కాసేపు ఆగి నేనే దాని చెవిలో, "సయిస్తది" అన్నాను.

"కారం?"

"తక్కువ."

"కారం తక్కువట. సవరమ్మకు చెప్పు దొరసానీ."

ఆ ఇంటి పద్ధతి నాకు అలా పట్టుబడింది. మేక ఎదురు ప్రశ్న వెయ్యదు, నవ్వదు, మొహంలోకి గుచ్చి చూడదు. హాయిగా ఉండేది.

కానీ ఈ ఏడు నాకు ఒకటే దురద పట్టుకుంది. అసలు ఈయన ఎందుకిలా ఉన్నాడు? తండా నుంచి చింతపండు కొట్టడానికి వచ్చే గోరి పెద్దమ్మను, చింతకాయల వైపు చూస్తూ అడిగేశాను.

"గదా? పదేండ్ల పిల్లగాడప్పుడు తేనెతుట్టె దింపబోతే, తేనెటీగ నాలిక మీద కుట్టింది. అప్పటి సంది మనుషులతోని మాట్లాడడు" అన్నది గోరి.

మా పెద్దమ్మను అడిగితే, "మా పెండ్లిల ఆయన పాడిన పాటలకు మైకు పగిలింది. ఆ సిగ్గుతోని మానేసిండు" అన్నది.

నేను మాటల్లో వెనకే గానీ లెక్కల్లో కాదు. పదేళ్లకే నోరు మూసుకున్న మనిషి పాతికేళ్లప్పుడు పెళ్లిలో మైకు ఎలా పగలగొట్టాడు? వీళ్లిద్దరిలో ఒకరు అబద్ధం చెప్తున్నారు. లేదా ఇద్దరూ.

ఆ రోజుల్లోనే ఇప్పపూలు రాలుతున్నాయి. తెల్లవారుతుండగా గంప తీసుకుని, దొరసానిని తోలుకుని ఇప్పచెట్ల కిందికి వెళ్లాను. నేను ఒక పువ్వు ఏరేలోపు అది నాలుగు తింటోంది. చుట్టూ ఎవరూ లేరు.

"దొరసానీ" అన్నాను. "బూర్గంపాడుల బడి మానేసిన ఆడపిల్లలకు పదో తరగతి చెప్తున్నరట. గోరి పెద్దమ్మ బిడ్డ సంగీత చెప్పింది. నాకు పోవాలని ఉన్నది. ఎవరికీ చెప్పకు."

చెట్టు అవతల ఎవరో దగ్గినట్టు అనిపించింది. చూస్తే ఎవరూ లేరు. 

మూడో రోజు పెదనాయన బూర్గంపాడు నుంచి ఒక కాగితం తెచ్చాడు. నా ఫొటో కూడా దాని మీద అంటించి ఉంది.

"దొరసానీ, ఎల్లుండే ఆఖరు. ఉన్నయి ఇరవై సీట్లు. మేడం ఒక షరతు పెట్టింది. పిల్లే వచ్చి, ఎందుకు చదువుతదో తన నోటితోని చెప్పాలట."

"నాతోని కాదు దొరసానీ" అన్నాను.

పెదనాయన కాగితం దొరసాని వైపు తిప్పాడు. "మరీ చెప్పలేనోళ్లు కాయితం మీద రాసియ్యొచ్చట. కింద గీతలున్నయి చూడు దొరసానీ."

రెండు రోజులు కూర్చుని ఆ నాలుగు గీతలూ నింపాను. ముందు పెన్సిల్‌తో, తర్వాత పెన్నుతో. చదువుకుంటే నాకే ముచ్చటేసింది. ఇక నోరు తెరిచే పని లేదు.

బయలుదేరే పొద్దున తండా దగ్గర ఆటో హారన్ మోగింది. "జల్దీ, జల్దీ!" అంటూ పెద్దమ్మ నాకు జడ వేస్తోంది. పెదనాయన ఎండ తగలకుండా చూరులో దోపిన కాగితం తీసి, తొందరలో, మూడేళ్ల అలవాటు కొద్దీ చెయ్యి చాపి, "దొరసానీ, ఇది అక్సాకియ్యి, సంచిల పెట్టుకుంటది" అన్నాడు.

మూడేళ్లలో దొరసాని ఆయన మాట విన్నది ఆ ఒక్కసారే. మర్యాదగా కాగితం అందుకుంది. నాకివ్వలేదు.

పెద్దమ్మ దువ్వెనతో, పెదనాయన తువ్వాలుతో, నేను సగం జడతో దాన్ని కల్లం చుట్టూ మూడుసార్లు తరిమాం. ఆరబెట్టిన మిరపకాయల మీదుగా పరుగెత్తి అందరం తుమ్మాం, దొరసాని తప్ప. చివరికి చేతికి దక్కింది పై ముక్క. దాని మీద నా పేరుంది. ఫొటో పోయింది, నాలుగు గీతలూ పోయాయి.

"మంచిగ నమిలి మింగుతున్నది చూడు, ముదనష్టపుది!" అన్నది పెద్దమ్మ. మొదటిసారి మేక గురించి మేకతో కాకుండా మాట్లాడింది.

ఆటో ఇంకోసారి హారన్ కొట్టింది. పెదనాయన ఆ ముక్క మడిచి జేబులో పెట్టుకుని ఆటో వైపు నడిచాడు. నేను వెనకే వెళ్లాను. దారి పొడుగునా ఆయన ఆటో హ్యాండిల్ వైపే చూస్తూ కూర్చున్నాడు. నేను ఆ నాలుగు గీతలను గుర్తు చేసుకుంటూ ఉన్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

మేడం పేరు ఉదయశ్రీ. బల్ల మీద కాగితాల దొంతర, పక్కన నీళ్ల సీసా. "చెప్పండి" అన్నది.

పెదనాయన గది చుట్టూ చూశాడు. మేక లేదు. కోడి లేదు. గోడ మీద క్యాలెండర్ పక్కన ఒక బల్లి కనపడింది. ప్రాణం లేచి వచ్చినట్టుంది ఆయనకు.

"బల్లీ, మేడంకు చెప్పు..."

బల్లి క్యాలెండర్ వెనక్కి దూరిపోయింది.

మేడం గోడను చూసింది, ఆయనను చూసింది. ఆయన పైకప్పు చూశాడు. ఆఖరి రోజు. ఇరవై సీట్లు. నా బొటనవేలు నేలను గీస్తోంది.

"మేక తిన్నది" అన్నాను.

"ఏంటమ్మా?"

"కాయితం, మేడం. మేక తిన్నది. నాకియ్యమని మా పెదనాయన దానికిచ్చిండు."

"మేకకెందుకిచ్చాడు?"

అది చెప్పాలంటే దొరసాని గురించి చెప్పాలి. చాయ్‌పత్తి గురించి చెప్పాలి. ఫాదర్ గారి దీవెన గురించి చెప్పాలి. పంటల సారు 'దొర' దాకా రాసిన సంగతి వచ్చేసరికి మేడం కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటోంది. ఆమె నవ్వుతున్న మొహం బాగుందని చూస్తున్నాను. అలా చూస్తున్నానని నాకు తర్వాత గానీ తెలియలేదు.

"సరే గానీ, నువ్వెందుకు చదవాలనుకుంటున్నావు?"

"నాకు ప్రతిదీ ఎందుకట్లుందో అడగాలని ఉంటది మేడం. అడిగేటందుకు నోరు రాదు. చదువుకుంటే ఎవర్నీ అడగకుండనే తెలుసుకోవచ్చు కదా అని."

మేడం కొత్త కాగితం తీసి నా ముందు పెట్టింది. "ఫొటో రేపు తెచ్చివ్వు. దీన్ని మేక చేతికి మాత్రం ఇవ్వకు."

సంతకం చేసి పక్కకు చూస్తే పెదనాయన లేడు. ఎప్పుడు బయటికి జారుకున్నాడో.

రోడ్డు అవతల చాయ్ కొట్టు దగ్గర నాకు ఆయన వీపు కనపడింది. ఎదురుగా ఆయన స్నేహితుడు తుల్సీరాం, ఇంకో నలుగురు. పెదనాయన చేతులు తిప్పుతూ, తుల్సీరాం మొహంలో మొహం పెట్టి, అరుస్తున్నాడు.

"ఏం మాట్లాడిందనుకున్నవ్‌రా! కిటికీ కాడ నిలవడి విన్న. పది నిమిషాలు! మేడం మొకం చూసుకుంటనే!"

"అయితే ఇగ మేకను ఇడుస్తవా?" అన్నాడు తుల్సీరాం. "నీ ఇంటికొస్తే ఆ మేకతోని మాట్లాడలేక సస్తున్నరా మూడేండ్ల సంది."

"ఏం జేయాలె మరి? పిల్ల వచ్చిన కొత్తల మనిషి మొకం చూస్తే బెదురుతుండె. మొకం పక్కకు తిప్పుకుంటే ఒక మాటన్న అంటుండె. నేనొక్కణ్ని తిప్పుకుంటే పిచ్చోడంటరు. ఇంటికొచ్చినోళ్లందరం తిప్పుకుంటే, అది ఇంటి పద్ధతి అయితది."

నేను రోడ్డు మధ్యలో ఆగిపోయాను. పంటల సారు, ఫాదర్ గారు, చాయ్‌పత్తి, అన్నీ నా కళ్లతో చూసినవే. అక్కడే పొరబడ్డాను. నేను లేని చోట ఈయన ఎలా ఉంటాడో నేనెప్పుడు చూశాను గనక? తేనెటీగ లేదు, మైకు లేదు. చింతచెట్టు కింద పెద్దమ్మ అందరి చెవిలో చెప్పింది నా గురించే.

తుల్సీరాం నన్ను చూసి కళ్లు పెద్దవి చేశాడు. పెదనాయన వెనక్కి తిరిగి నన్ను చూసి, టక్కున చేతిలో ఉన్న గాజు గ్లాసు వైపు తిరిగి, "గ్లాసూ, పిల్ల వచ్చిందేమో చూడు..." అన్నాడు.

చాయ్ కొట్టంతా ఘొల్లుమంది.

నేను దగ్గరికి వెళ్లాను. తల పైకెత్తాను. ఆయన ఎడమ కనుబొమలో ఒకే ఒక్క తెల్ల వెంట్రుక పొడుగ్గా ఉంది. మూడేళ్లుగా ఒకే ఇంట్లో ఉండి అది ఇప్పుడే చూస్తున్నాను.

"పెదనాయనా, ఆటో పోతది. నడువ్."

ఆయన బొటనవేలు చూసుకుంటూ నా వెనక నడిచాడు.

ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ వాకిట్లో నిలబడి ఉంది. "ఏమైంది దొరసానీ?" అని మేకనే అడిగింది.

"సీటొచ్చింది పెద్దమ్మా" అన్నాను, ఆమెతో.

పెద్దమ్మ నన్ను చూసింది, పెదనాయనను చూసింది. చింతపండు చేతులతోనే నా బుగ్గలు రెండూ పట్టుకుంది. ఇద్దరి మధ్యా దొరసాని నిలబడి, తనతో ఎవరూ మాట్లాడటం లేదని కోపమొచ్చి, పెదనాయన మోకాలిని ఒక కుమ్ము కుమ్మింది.

ఆయన మోకాలు రుద్దుకుంటూ మేక వైపు వంగి నోరు తెరిచాడు. ఏదో గుర్తొచ్చి ఆగాడు. మెల్లగా నా వైపు తిరిగి, మొదటిసారి నా మొహం చూసి, చాలా ఇబ్బంది పడుతూ అన్నాడు.

"అక్సా, రేపు నీ ఫొటో వస్తది. దాని జోలికి పోవద్దని దొరసానికి జర నువ్వు చెప్పు."