టర్కీ భాషలో వెళ్లొస్తాను

మొన్న మా చెల్లెలి మనవరాలు ఏలూరొచ్చినప్పుడు, ఫోనులో టర్కీ మాటలు వినిపించి ఇదేం భాషో చెప్పమంటే, వాక్యం చివర క్రియ వచ్చి నింపాదిగా కూర్చోవడం వినగానే నాకు తాడేపల్లిగూడెం రైసుమిల్లు గుర్తొచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. అప్పటికి మా ఆవిడ పోయి ఏడాది. రోజూ పొద్దున్నే, వెళ్లొస్తానని చెప్పడానికి ఇంట్లో మనిషి లేక, తాళంకప్పనే ఒకటికి రెండుసార్లు లాగి చూసి గూడెం రైలెక్కేవాణ్ణి. మిల్లులో బియ్యంలోంచి నల్లగింజలు ఏరే మిషను బిగించడానికి టర్కీ ఇంజినీరు ఒకాయన వచ్చారు. ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం, నాకు అంతకన్నా తక్కువ. అయినా గుమాస్తాల్లో ఇంటికెళ్లే తొందరలేనివాణ్ణి నేనే గనక, ఆయన భాష నేర్చుకునే పని యజమాని నాకు అప్పగించారు.

ఆయనిచ్చిన చిన్న పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. కర్త దొరికితే క్రియ దొరికేది కాదు, కర్మ మాత్రం నాదయ్యేది. ఒకరోజు రైల్లో విసుగెత్తి, ఇంగ్లీషు పక్కన పెట్టి, తెలుగు వరసలోనే ఆ మాటలు పేర్చి చూశాను. ‘ఎవ్’ అంటే ఇల్లు, ‘ఎవే’ అంటే ఇంటికి. మన ‘కి’లాగే తోక వెనకాలే తగులుకుంటుంది, వెళ్తున్నానన్న మాట చివరికొస్తుంది, ‘నేను’ అందులోనే ఇమిడిపోతుంది. నవ్వొచ్చింది. ఆ నవ్వు పంచుకోవడానికి పక్కన ఎవరూ లేరు.

ఆ సాయంత్రం మిల్లు నుంచి బయల్దేరుతూ ఆయనతో ‘గిదిప్ గెలెజెయిమ్’ అన్నాను, అక్షరాలా వెళ్లి వస్తానని. మనవైపు ఉత్త ‘వెళ్తాను’ అనం కదా. ఆయన తలూపారు. నేను రైలెక్కి ఇంటికొచ్చేశాను.

పొద్దున్న గేటు దగ్గరే వాచ్‌మన్ చెప్పాడు. “మీరొస్తానన్నారంట గదండీ. రెండు గ్లాసులు పెట్టుకుని గేటు కేసే చూస్తా కూచున్నారండీ ఆయన. టీ చల్లారిపోయినా తాగలేదండీ.”

అది మర్యాద మాటేనని ఆయనకి ఎలాగో బోధపరిచాను. ఆయన నవ్వి, మళ్లీ రెండు గ్లాసుల్లో టీ పోశారు. నాకోసం ఒకరు కూర్చుని ఎదురుచూశారన్న సంగతి మాత్రం రోజంతా నన్ను వదల్లేదు. అప్పట్నుంచి సాయంత్రం ఒక రైలు వదిలేసుకుని, వచ్చీరాని వాక్యాల్లో కొల్లేటి చేపల గురించీ, మా ఆవిడ గురించీ చెప్పేవాణ్ణి. ఆవిడ కోసం భూతకాలం పాఠం కాస్త ముందుగానే చదవాల్సొచ్చింది.

పని పూర్తయ్యాక గూడెం స్టేషనులో రైలెక్కుతూ ఆయన, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, “వెళ్లొస్తానండీ” అన్నారు. అది మర్యాద మాటేనని నేర్పింది నేనే. అయినా చాన్నాళ్లు మిల్లు గేటు చప్పుడైతే తలెత్తి చూసేవాణ్ణి.

ఇప్పుడు ఏ భాషైనా ఫోనే మాట్లాడేస్తోంది, మనకి నాలుక తిప్పుకునే శ్రమ తప్పింది. మొన్న సాయంత్రం మనవరాలు ‘బై తాతయ్యా’ అని ఆటో ఎక్కింది. ఆ మాటకి ఎదురుచూడాల్సిన పనేమీ లేదు. అయినా గేటు గడియ పెట్టకుండా కాసేపు వాకిట్లోనే నిలబడ్డాను.