గుర్తు పెట్టేముందు అడిగే మనిషి: మా దేవసహాయం

మా తమ్ముడు దేవసహాయం ప్రభువు సన్నిధికి చేరుకున్నాడన్న వార్త ఘాటీ ఎక్కి వచ్చిన టపా మనిషి తెచ్చాడు. ఆ ఉదయం అరకు లోయంతా మంచు. పసుపుపచ్చని వలిసెపూల మళ్ళు ఆ మంచులో మసకమసకగా వెలుగుతున్నాయి. మనిషి మాట వినిపించింది గాని మనసులోకి దిగలేదు.

"ఏటన్నావు నాయనా?"

అతను తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. "పట్నంలో మీ తమ్ముడుగారు పోయేరమ్మా. రొమ్ము జబ్బు."

ఇది కలేమో, మంచు విడితే కలా విడుతుందేమో అనుకుంటూ మా ఇంటి అరుగు మీదే కూర్చుండిపోయాను. మంచు విడిపోయింది. వార్త అలాగే ఉంది.

పట్నంలో విశ్వవిద్యాలయం రసాయనశాలకు వెళ్ళినవాళ్ళు వాణ్ణి ఎరుగుదురు. ఎరగనివారి కోసం చెబుతాను. యాసిడ్లు, విషాలు, భగ్గున మండే ద్రవాలు ఉండే ఆ గదుల్లో పనివాళ్ళకూ విద్యార్థులకూ హాని కలగకుండా కాపాడడం వాడి కొలువు. కిటికీలు లేని సామాన్ల గదిలో తొలినాళ్ళు గడిపి, ఆ ఆవిర్లు తాను పీల్చి, తర్వాతి వాళ్ళ కోసం గోడలు కొట్టించి కిటికీలు పెట్టించాడు. ఊపిరాడనివ్వని ఆ రొమ్ము జబ్బు అప్పటి సంపాదనే.

అక్కడ చిట్టెమ్మ అని తుడిచే ఆవిడ ఉండేది, బాగా పొట్టి. వాడు ఆమెను బీరువా పక్కన నిలబెట్టి, భుజం దగ్గర సుద్దముక్కతో గీత గీసి, యాసిడ్ సీసాలన్నీ ఆ గీత కిందికి దింపించాడట. రసాయనశాల ఆచార్యులవారికి కోపం వచ్చింది.

"ఏమయ్యా, నేను రోజూ నడుం వంచాలా?"

"వంచాలండి. మీ నడుం నొప్పికి మందుంది. ఆవిడ కళ్ళకి లేదు."

అక్కనైన నాకు ఇది చెప్పి నవ్వేవాడు. "అప్పా, దెబ్బ తగిలాక కట్టుకట్టేవాణ్ణి అందరూ చూస్తారు. తగలకుండా చూసేవాడి పని ఎవరికీ కనబడదు. కనబడకపోతేనే బాగా చేసినట్టు" అనేవాడు.

ఒక దసరా సెలవుల్లో ఆచార్యులవారు విద్యార్థులనూ దేవసహాయాన్నీ వెంటబెట్టుకుని మందుగుణం ఉన్న చెట్టూచేమా సేకరించడానికి మా కొండల మీదికి వచ్చారు. మా ఆయన మిషను బడి పంతులు గనుక డేరాలు మా ఇంటి పక్కనే వేశారు. తెచ్చిన మొక్కలకు పురుగు పట్టకుండా ఘాటైన సారాలో విషం కలిపి, ఆ నీళ్ళలో ముంచి ఆరబెడతారు. ఆ నీళ్ళ జాడీ మెడకు దేవసహాయం ఎర్రగుడ్డ కట్టాడు. రసాయనశాలలో ఎర్రగుడ్డ అంటే ముట్టుకోవద్దని.

మేమిద్దరం పుట్టింది కింద, సాలూరులో. ఈ కొండల్లో ఎర్రగుడ్డ కట్టిన కుండ అమ్మవారిదని నేను కాపురానికొచ్చాక తెలుసుకున్నాను గాని వాడికి తెలియదు. అమ్మవారి సారా అయితే నేలకు కాస్త ధారపోసి, మోసి తెచ్చినవాళ్ళు ముందుగా తాగాలి. తాగకపోతే తప్పు. ఆ జాడీ మోసింది సోంబారి, పక్క గూడెం మనిషి. మూత తీస్తే సారా వాసన. భక్తిగా ధారపోసి ఆకుడొప్ప ఎత్తింది. అప్పుడే వాడు చూశాడు. పరుగెత్తి డొప్ప లాగేశాడు.

"ఎంత తాగినావు?"

"ఒక గుక్క బాబూ. ఇత్తడి గిన్ని నాకినట్టుంది. మీ పట్నం సారా ఏం బాగోలేదు."

వాడు గూడెం ఆడవాళ్ళ వైపు తిరిగి అరిచాడు. "గుడ్లు తెండి, బేగి, ఎన్నుంటే అన్ని." ఆడవాళ్ళు పొదిగే కోళ్ళను లేపి మరీ తెచ్చారు. విషాన్ని పట్టేస్తుందని తెల్లసొన గిలక్కొట్టి తాగిస్తూ, కక్కిస్తూ, మళ్ళీ తాగించాడు. కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతూనే ఆమె నోరు ఊరుకోలేదు.

"పచ్చసొన నీకు దాసుకుంతన్నావేటి?"

"నోరుమూసుకుని తాగెహె" అన్నాడు ఆమె మొగుడు, ఏడుస్తూ.

దేవసహాయం నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "అప్పా, ఈవిడ బతక్కపోతే నేను మళ్ళీ ఆ రసాయనశాల గడప తొక్కను."

ఆ తర్వాతి కాలం నాకు నీళ్ళలో నుంచి చూసినట్టు గుర్తు. పొద్దు వచ్చేది, మంచు వచ్చేది, సోంబారి మూలిగేది, వాడు ఆమె చాప పక్కన కదలకుండా కూర్చునేవాడు. ప్రార్థన చేశాడో, గుడ్లు లెక్కపెట్టుకున్నాడో తెలియదు. ఒక ఉదయం ఆమె కళ్ళు తెరిచి, "చోడి అంబలి ఉంటే పొయ్యి" అని రాగిజావ అడిగింది. వాడు లేచి వెళ్ళి డేరా వెనక నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

గూడెం పెద్దలు తప్పు కట్టమన్నారు. అమ్మవారి గుడ్డను అబద్ధానికి వాడాడు గనుక మేకను తెచ్చి అందరితో కూర్చుని తినాలి. ఆచార్యులవారు అడ్డుపడ్డారు. "అజ్ఞానం వాళ్ళది, తప్పు నీదెలా అవుతుందయ్యా?"

"గుర్తు పెట్టింది నేనండి. దాన్ని చూసేవాళ్ళు ఏమనుకుంటారో అడగలేదు."

మేకను తెచ్చాడు. సోంబారి పక్కనే కూర్చుని తిన్నాడు. పట్నం వెళ్ళాక రసాయనశాలలో ఏ గుర్తు పెట్టినా, బల్ల తుడిచేవాళ్ళనూ పెట్టెలు మోసేవాళ్ళనూ పిలిచి, "ఇది చూస్తే నీకేటనిపిస్తంది?" అని అడిగి, వాళ్ళు చెప్పింది విన్నాకే పెట్టేవాడట. చదువుకున్న కొందరు నవ్వేవారట. వాడున్నన్నాళ్ళూ ఆ గదుల్లో ఒక్కరి ఒంటిమీదా మచ్చపడలేదని నాకు చెప్పింది వాడు కాదు, చిట్టెమ్మ.

అంతటి కరుణామయుడు, అంతటి జాగరూకుడు మా ఇంట మళ్ళీ పుడతాడని నాకు ఆశ లేదు. వార్త తెలిసిన సాయంత్రం సోంబారి వచ్చింది. ఏడవలేదు. గుమ్మంలో కూర్చుంది.

"మరి ఆ సీసాల కాడ ఇంక ఎవులుంతారమ్మా?" అని అడిగింది.

నాకు తెలియలేదు. పట్నంలో వాళ్ళకూ ఇంకా తెలియదట.