కనుమ కింద నీళ్ల బేరం

మండు వేసవిలో సైకిళ్ల మీద నల్లమల దాటుదామని నేనూ నా స్నేహితుడూ బయలుదేరాం. మొదటి కనుమ దిగేసరికి మా సీసాలు ఖాళీ. కరిగిన తారు టైర్లకు అంటుకుంటోంది. వెనకనుంచి లారీలు హారన్ కొట్టి మమ్మల్ని కంకరలోకి దింపుతున్నాయి. రెండో కనుమ మొదట్లో ఒకే ఒక్క బడ్డీకొట్టు కనిపించింది.

కొట్టామె నీళ్ల సీసాకి రెట్టింపు ధర చెప్పింది. నేను చిలకలూరిపేటలో మా బట్టలకొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. మా బజారులో ధర నచ్చకపోతే మెట్టు దిగాలి, దిగినవాణ్ణి కొట్టువాడు వెనక్కి పిలవాలి. "వద్దులేమ్మా, పైన దొరుకుతాయి" అని సైకిలెక్కాను.

ఆమె పిలవలేదు. పిలుపు వినపడేటట్టు మెల్లగా తొక్కాను. మలుపు తిరిగింది, ఎక్కుడు మొదలైంది.

"ఏరా, ఇంకా పిలుస్తుందంటావా?" అన్నాడు స్నేహితుడు.

"నీకు బేరం తెలీదు, ఊరుకో."

"దాహం తెలుసురా. పైన కోతులు కొట్టు పెట్టాయా?"

వాడు సైకిలు తిప్పేశాడు. నాకూ కళ్లు బైర్లు కమ్ముతున్నాయి, నేనూ తిప్పాను. కొట్టు దగ్గరికొచ్చి, ఆమె ఇందాక చెప్పినంతా ఇస్తానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి, ఇంకా ఎక్కువ చెప్పింది.

"అదేంటమ్మా, ఇందాక తక్కువే చెప్పావుగా?"

"ఇందాక మీకు పైన దొరుకుతాయన్న ఆశ ఉందండీ. ఇప్పుడు లేదుగా."

ఇంత నిఖార్సయిన బేరం మా నాన్న కూడా చేసి ఎరగడు. ఆమె అడిగినంతా తీసిచ్చాను. మొదటి సీసా నా స్నేహితుడు నా వైపు చూడకుండా మొత్తం తాగేశాడు.