పదకొండో అంతస్తులో తెరిచిన తలుపు

కీవ్ నగరంలో, నది ఎడమ గట్టున ఉన్న ఆ పాత మేడలో జోర్యానాను ఎరగనివాళ్లు లేరు. కరెంటు పోయి లిఫ్టులో ఇరుక్కునేవాళ్ల కోసం అందులో ఒక పెట్టె పెట్టింది ఆమే. నీళ్ల సీసా, బిస్కెట్లు, టార్చిలైటు, ముసలివాళ్లకు గుండెదడ తగ్గించే చుక్కలు. రెండో అంతస్తు పనాస్ ఆ బిస్కెట్ల కోసమే కావాలని ఇరుక్కుంటాడని మేడంతా నవ్వుకునేది. నవ్వుకోవడానికి ఆ చలికాలం అంతకంటే ఏం మిగిలింది గనక!

పెట్టె నింపేదే గానీ, ఇరుక్కుంటే ఇంటికి చేరలేనని తను మాత్రం లిఫ్టు ఎక్కేది కాదు. పదకొండో అంతస్తులోని ఇంట్లో అత్తగారు యెవ్దోకియా తుంటి ఎముక విరిగి మంచాన పడింది. సైరన్ మోగితే ఆవిడను కిందికి దించే దారి లేదు, వదిలి దిగడానికి కోడలికి మనసొప్పదు. పైగా యుద్ధానికి వెళ్తూ భర్త ఓస్టప్, "అమ్మను వదలకు" అని మాట తీసుకున్నాడు. పోలండ్‌లో ఉన్న అక్క గది చూసింది, పని కూడా చూసిపెట్టి రమ్మంటోంది. జోర్యానా రేపు మాపు అని నెట్టుకొస్తోంది. ఫోనులో మొగుడితో మాత్రం "మాకేం, బాగానే ఉన్నాం" అనేది. బాగుండటం ఒట్టి మాట. పెళ్లినాడు సూపులో ఉప్పు దగ్గర మొదలైన అత్తాకోడళ్ల పోరు, బాంబులు పడుతున్నా ఆగలేదు.

అలాంటి రోజుల్లో ల్వీవ్ పట్టణం నుంచి సొలోమియా అనే అమ్మాయి కెమెరాతో వచ్చింది. యుద్ధంలో ఊరు ఎలా బతుకుతోందో డాక్యుమెంటరీ తీస్తోంది. రొట్టె కొనుక్కుని వస్తున్న జోర్యానాను పట్టుకుని, "లిఫ్టు ఎక్కండక్కా, పెట్టెతో ఒక్క షాట్" అని బతిమాలింది. కరెంటు కోతకు ఇంకా గంట టైముంది. ఆ టైములు నమ్మి బాగుపడ్డవాడు ఆ ఊళ్లో లేడు. అయినా ఎక్కింది. పదో అంతస్తు దాటగానే దీపం ఆరిపోయింది, వెంటనే సైరన్ మోగింది.

"భయపడకండక్కా. నీళ్లు తాగుతారా?" అంటూ సొలోమియా పెట్టెలోంచి సీసా తీసింది.

"నా నీళ్లు నాకే పోస్తున్నావా తల్లీ" అని నవ్వబోయి జోర్యానా ఏడ్చేసింది.

ఎక్కడో పేలింది. లిఫ్టు వణికింది.

"పైన ఆవిడ ఒక్కతే ఉంది. నిజం చెప్పనా? సైరన్ మోగినప్పుడల్లా, ఆ పడేదేదో ఈ ముసలిదాని మీద పడితే నాకీ చెర తప్పుతుంది కదా అనుకుంటా. అనుకున్నాక లేచి వెళ్లి ఆవిడకి దుప్పటి కప్పుతా. నేనేం మనిషినే?"

కెమెరా ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. అది చూసి జోర్యానా అరచేత్తో లెన్సు మూసేసింది.

"చెరిపెయ్యి. మా ఆయన చూస్తే ఇంకేమైనా ఉందా!"

"చెరిపేస్తానక్కా, ఒట్టు."

చాలాసేపటికి కరెంటొచ్చి లిఫ్టు పైకి చేరింది, ఇద్దరూ ఇంటివైపు నడిచారు. పిలిస్తే ఎదురింటివాళ్లకు వినబడాలని జోర్యానా బయటికి వెళ్లేటప్పుడు తలుపు తీసే ఉంచేది. లిఫ్టు ఆగింది సరిగ్గా ఆ తలుపు కిందేనని, తన మాటలన్నీ పైకి వినబడ్డాయని, గుమ్మం వైపే చూస్తున్న అత్తగారిని చూశాకే ఆమెకు తట్టింది.

"అమ్మాయ్, అది చెరపకు" అంది యెవ్దోకియా సొలోమియాతో. "నా కొడుక్కి చూపించు. దీన్ని పంపెయ్యమని నేను చెబితే, అమ్మ బింకానికి అంటోందనుకుంటాడు. దీని నోట వింటేనే, నన్ను వదలొద్దని తీసుకున్న మాట వదిలేస్తాడు." తర్వాత కోడలి వైపు తిరిగింది. "నువ్వు మీ అక్క దగ్గరికి పో. ఎదురింటావిడ నాకింత సూపు పోస్తుందిలే. ఉప్పు కూడా నీకన్నా సరిగ్గా వేస్తుంది."

జోర్యానా మంచం పక్కన కూలబడింది. ఏదో ఒకరోజు పోట్లాడి వెళ్లిపోవచ్చన్న ఆశ ఇన్నాళ్లూ ఉండేది. ఇప్పుడు పోట్లాడేందుకు మనిషి లేకుండా పోయింది.

"సూపు వేడిచేసి తెస్తా, ఉండండి అత్తయ్యా" అని లేచింది.

ఆ పూట సూపులో ఉప్పు బాగా ఎక్కువైంది. ముసలామె ఒక్క మాటా అనకుండా గిన్నె ఖాళీ చేసింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండునని జోర్యానాకు అనిపించింది.